నొప్పి లేదని రాయకు

బొంబాయి, వర్లి చాలు
జూన్ 1972

ఎలిశిబా అక్కకు దానమ్మ వ్రాయునది,

ప్రభు కృపవల్ల బాగున్నాను. ఏలీయా కూడా బాగున్నాడు. ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నీ దవాఖాన చిరునామాకు రాస్తున్నాను. ఇంటికి రాస్తే అమ్మ నీతోనో ప్రకాశం మాస్టారుతోనో చదివించుకుంటుంది, వాకిట్లో పదిమంది చేరి వింటారు. ఇది నువ్వొక్కదానివే చదవాలి. చదివి పొయ్యిలో పెట్టు.

నేను ఆపరేషను చేయించుకుంటున్నానక్కా. అమ్మకు గడ్డ అని చెప్పాను. గడ్డ కాదు.

నీకు తెలియనిది ఏముంది? నా చంటిబిడ్డ ఆశీర్వాదం చనిపోయాక నాకు పాలు గడ్డకట్టి, చీము పట్టి, మన దవాఖానలోనే కోశారు కదా. కట్టు విప్పింది నువ్వే. కుడివైపు రొమ్ము ఏమీ మిగలలేదని నాకంటే ముందు చూసింది నువ్వే. అప్పటినుంచి రవికె లోపల పాత గుడ్డపేలికలు ముద్దగా కుట్టుకుని తిరుగుతున్నాను. బట్టలు కుట్టి బతికేదాన్ని కదా, కొలత తప్పకుండా కుట్టుకున్నాను. ఏ కొలతైనా ఒకరోజు తప్పుతుంది. మొన్న ఆదివారం చర్చిలో పాటకు లేచి నిలబడితే ఆ ముద్ద జారి నడుము దగ్గరికి వచ్చింది. పక్కనున్న ఆడపిల్లలు పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను చివరి చరణం దాకా పాడి కూర్చున్నాను.

నేను కుట్టే దుకాణం ఒక పార్సీ మేడంది. ఆమె తమ్ముడు డాక్టరు. విదేశం వెళ్లి కొత్త పని నేర్చుకుని వచ్చాడు. మెత్తని రబ్బరులాంటి సంచి లోపల పెట్టి కుడతాడట, రెండు వైపులూ సమానమవుతాయట. మేడం మాట్లాడి ఒప్పించింది.

ఏలీయా చేయించుకోమన్నాడని అనుకోకు. ఆయనకు కూడా గడ్డ అనే చెప్పాను. ఆయన నావైపు చూడటం ఎప్పుడో మానేశాడు. మిల్లు నుంచి వస్తాడు, తింటాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఈ ముక్కలైన ఒంటిని చూడబుద్ధి కాక అని నాకు తెలుసు. సమానమైతే చూస్తాడేమోనని ఆశ ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ నాకే కావాలక్కా. నా రవికె నాకు సరిపోవాలి.

నొప్పి ఎట్లా ఉంటుంది? అదొక్కటి రాయి.

నీ చెల్లెలు
దానమ్మ


మెదక్, నర్సుల క్వార్టర్లు
జూన్ 1972

దానమ్మకు,

నీకేం పోయేకాలం వచ్చిందే? ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. నిన్ను తిట్టడానికి మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తుందని ట్రంకుపెట్టెలో పెట్టాను.

నిన్ననే పాపన్నపేట నుంచి ఒకామెను ఎడ్లబండి మీద తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. అలాంటివాళ్లు ప్రాణం దక్కించుకోవడానికి కత్తి కిందికి వస్తారు. నువ్వు షోకు కోసం పోతున్నావు. దేవుడిచ్చిన నొప్పిని ఓర్చుకుంటే ఆయన తోడుంటాడు. కోరి తెచ్చుకున్న నొప్పిలో ఎవరిని పిలుస్తావు? అది నీ గర్వానికి శిక్షే అవుతుంది, గుర్తుపెట్టుకో.

మీ అమ్మ సంగతి చెప్పనా? కమలమ్మ చిన్నమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. "మా దానమ్మకు గడ్డనట, ప్రార్థన చెయ్యుండ్రి" అని సంఘమంతా తిరిగింది. శుక్రవారం ఆడవాళ్ల కూటంలో నీ లేని గడ్డ కోసం మోకాళ్ల మీద ప్రార్థన జరిగింది. నేనూ మోకరించి ఆమేన్ అన్నాను, అబద్ధమని తెలిసి తెలిసి.

నొప్పి అడిగావు. మస్తు ఉంటుంది. రోజురోజుకూ తగ్గాలి. ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

ఎలిశిబా


బొంబాయి
జూలై 1972

అక్కకు,

ప్రభు కృపవల్ల బాగున్నాను. ఆపరేషను అయిపోయింది. ఇంటికి వచ్చేశాను. నొప్పి నువ్వన్నంత లేదు. డాక్టరు మంచివాడు, అరవడు, కసరడు. కట్టు మార్చినప్పుడల్లా "దర్ద్ హై క్యా?" అని, నొప్పి ఉందా అని అడుగుతాడు. "నై సాబ్, అచ్ఛీ హూఁ", లేదు బాగున్నాను అంటాను. మందుల చీటీ రాసి పంపిస్తాడు.

ఈ చాలు వరసగదుల్లో పక్కింటి రామమ్మ వండిపెడుతోంది. షోలాపూరు నుంచి వచ్చినవాళ్లు. ఏలీయా నీళ్లు పట్టిపెట్టి మిల్లుకు పోతున్నాడు. "ఎట్లుంది?" అంటాడు. "బాగున్న" అంటాను. సరేనని టిఫిను డబ్బా తీసుకుని వెళ్తాడు.

అమ్మకు నా వందనాలు చెప్పు. నువ్వు ఇంకా కోపంగానే ఉన్నావా?

దానమ్మ


మెదక్
జూలై 1972

చెల్లీ,

కోపం ఉంది. అంతకంటే భయం ఎక్కువగా ఉంది. అందుకే వెంటనే రాస్తున్నాను.

నీ అక్షరాలు చూశాను. నువ్వు గీత గీసినట్టు రాసేదానివి. ఈసారి అవి కోడి కెలికినట్టున్నాయి. చెయ్యి కదిపితే గుండె దాకా గుంజుతోందని నాకు తెలియదనుకున్నావా? మరి "నొప్పి అంత లేదు" అని నాకే రాస్తావా?

మన సంఘానికి ఇదొక జబ్బే. "ఎట్లున్నరు?" అంటే చాలు, "ప్రభు కృపవల్ల బాగున్నం" అని నోటికొచ్చేస్తుంది. బడిలో ఆ జవాబు చెప్పకపోతే మనకు సిస్టరమ్మ ఎంత చీవాట్లు పెట్టేదో గుర్తుందా? బాగాలేను అంటే దేవుని మీద సణిగినట్టట. మొన్న హవేలిఘనపూర్ తాత ఒకాయన కాలు విరిగి వచ్చాడు. ఎముక తోలును పొడుచుకుని కనిపిస్తోంది. "ఎట్లున్నవు తాతా?" అన్నాను. "స్తోత్రం బిడ్డా, బాగున్న" అన్నాడు. "బాగుంటె లేచి ఇంటికి నడువు మరి" అన్నాను. అప్పుడు ఏడ్చాడు పాపం.

నీకు రొమ్ము చీము పట్టినప్పుడూ ఇదే కథ. కొడుకును మట్టిలో పెట్టి వచ్చినదానివి, చలిజ్వరంతో వణుకుతూ వచ్చినవాళ్లందరికీ బాగున్నానని చెప్పావు. దవాఖానకు వచ్చేసరికి ఏముంది మిగలడానికి?

కాబట్టి ఇక ఆ మాట రాయకు. నొప్పికి పేరు పెట్టి రాయి. గుంజుతుందా? అది కుట్టిన కండ, గుంజనీ. ఉండుండి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందా? తెగిన నరాలు మళ్లీ మేలుకుంటున్నాయి, మంచిదే. దురద పెడుతుందా? మానుతోంది, గోకకు. బరువుగా, రాయి పెట్టినట్టుందా? కొత్త సంచికి ఒళ్లు ఇంకా అలవాటు పడలేదు.

సలుపు మాత్రం వేరు. గుండె కొట్టుకున్నట్టు ఆ చోట కొట్టుకుంటుంది, పడుకోనివ్వదు, రోజురోజుకూ పెరుగుతుంది. సలుపు ఉందా? అరచేతిని తిరగేసి, వెనకవైపుతో రెండు రొమ్ములనూ ముట్టుకుని చూడు. కుడివైపు ఎక్కువ వేడిగా ఉందా? ఎర్రగా మెరుస్తోందా? ఇందులో ఏది ఉన్నా నాకు రాస్తూ కూర్చోకు. నడిచి డాక్టరు దగ్గరికి పో.

అక్క


బొంబాయి
ఆగస్టు 1972

అక్కా,

నువ్వు చెప్పినట్టే పేర్లు పెట్టి రాస్తున్నాను. గుంజుడు ఉంది, చెయ్యి ఎత్తితే చంక కింద తాడు కట్టి లాగినట్టు. కరెంటు కొట్టుడు ఉంది. మొదటిసారి కొట్టినప్పుడు చేతిలో పళ్లెం పడేశాను. దురద ఉంది. రాయి బరువు ఉంది.

ఒక సంతోషం కూడా రాయనా? తిట్టకు. కట్టు తీసిన రోజు రామమ్మ ఇంట్లో అద్దం ముందు నిలబడ్డాను. వాపు ఉన్నా, నల్లదారపు కుట్లున్నా, రెండు వైపులూ ఉన్నాయక్కా. దుకాణానికి పోయి నా రవికె నేనే కత్తిరించుకున్నాను. ఎడమకు ఎంత గుడ్డో కుడికీ అంతే గుడ్డ. రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కలిశాయి. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. మేడం మంచినీళ్లు ఇచ్చింది.

ఏలీయా ఇంకా చూడలేదు. గోడవైపే తిరిగి పడుకుంటున్నాడు. మానిపోయాక చూపిస్తాను.

సలుపు గురించి అడిగావు. లేదు.

దానమ్మ


తంతి
మెదక్ నుంచి బొంబాయికి, మిల్లు చిరునామాకు
ఆగస్టు 1972

మరిదీ ఏలీయా దానమ్మను ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకుపో. బాగున్నానంటే నమ్మకు. నొప్పి లేదంటే అసలే నమ్మకు. ఎలిశిబా


మెదక్
అదే రోజు

దానమ్మా,

తంతి కొట్టి వచ్చి రాస్తున్నాను. ఇది నీ చేతికి అందేసరికి నువ్వు ఎట్లా ఉంటావో నాకు తెలియదు. చేతులు ఊరుకోవడం లేదు, అందుకని రాస్తున్నాను.

నువ్వు అమ్మకు రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. నేను డ్యూటీలో ఉంటే ప్రకాశం మాస్టారు మొదటి నాలుగు మాటలు చదివి పెట్టాడట. "నొప్పి పూర్తిగా పోయింది" అని. అంతే, చిన్నమ్మ ఇవాళ సాయంత్రం కృతజ్ఞత కూటం పెట్టింది. వాకిట్లో చాపలు పరిచారు. పాస్టరు అయ్యగారు వచ్చారు, అమ్మగారు వచ్చారు, చాయ్ కాచారు. లలితమ్మ పాట ఎత్తుకుంది. పాట అయ్యాక "సాక్ష్యం లెక్క ఉంటది, ఉత్తరం నువ్వే గట్టిగ చదువు ఎలిశిబా" అని చిన్నమ్మ నా చేతికి ఇచ్చింది.

గట్టిగా చదివాను. "అమ్మా, ప్రభు కృపవల్ల బాగున్నాను. నొప్పి పూర్తిగా పోయింది." స్తోత్రం, అన్నారందరూ. "ఇన్నాళ్లూ సలిపి సలిపి నిద్రపోనివ్వనిది ఒక్కసారిగా ఆగిపోయింది." హల్లెలూయా, అన్నారు. సలుపు లేదని కదా నాకు రాశావు! "దేవుడు నన్ను క్షమించాడు. ఇప్పుడు ఆ చోట చెయ్యి పెట్టినా తెలియడం లేదు." స్తోత్రం. "గుడ్డ కొంచెం తడుస్తోంది, అంతే. చలి ఒకటే ఆగడం లేదు. వానలకు కాబోలు, రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు కొట్టుకుంటున్నాయి." స్తోత్రం, అంది మీ అమ్మ, కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి.

అక్కడ చదవడం ఆపేశాను. "ఏమైంది బిడ్డా, చదువు" అన్నారు అయ్యగారు. "అయ్యగారూ, ఇది మానిన గుర్తు కాదు. అక్కడి తోలు చచ్చిపోయింది. చచ్చినదానికి నొప్పి ఉండదు" అన్నాను. చిన్నమ్మ చేతులు అట్లాగే పైకి ఉండిపోయాయి. నేను చెప్పులు కూడా వేసుకోకుండా తంతి ఆఫీసుకు ఉరికాను.

పిచ్చిదానా, నేను కోపంలో శిక్ష అని రాశాను. నర్సుగా రాసినవన్నీ వదిలేసి ఆ ఒక్క మాటనే పట్టుకున్నావా? నొప్పి శిక్ష కాదే. ఒళ్లు పెట్టే కేక అది. నువ్వు దాని నోరు నొక్కావు. ఆ నొక్కిన చేతిలో నాదీ ఒకటి ఉంది.

బతుకు. నువ్వు బతికితే ఎంత సణిగినా వింటాను.

అక్క


బొంబాయి
ఆగస్టు 1972

ఎలిశిబా వదినకు ఏలీయా వ్రాయునది,

తంతి మిల్లుల నా మిషను కాడికి తెచ్చిచ్చిండ్రు. మిషను బందువెట్టి ఉరికిన. ఇంటికి పోతె దుప్పట్లు కప్పుకొని కూసున్నది. నొసలు పెనం లెక్క కాలుతుంది. "ఎట్లుందే?" అంటె "బాగున్న" అన్నది. మీరు నమ్మకు అన్నరు గద, నమ్మలె. ఎత్తుకొని టాక్సిల ఏసిన. ఎత్తుకున్నప్పుడు వాసనొచ్చింది వదినా. గదే ఇంట్ల పండుకుంటున్న, నాకెందుకు తెల్వలేదో తెల్వది.

డాక్టరు చూసి తలకాయ పట్టుకున్నడు. "వచ్చినప్పుడల్ల అడిగిన. వచ్చినప్పుడల్ల బాగున్న అన్నది. కుట్ల పొంటి ఎర్రగ ఉందేందంటె దురదకు గోకిన అన్నది. నొప్పుందని ఒక్క మాటంటె అప్పుడే సంచి తీసేస్తుంటి" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. సంచి తీసిండ్రు. నల్లవడ్డ తోలు, దాని కింది కండ కోసిండ్రు. ఆ దిక్కు ఇప్పుడు ఏం లేదు, ఉత్త పక్కటెముకల మీద కట్టు కట్టిండ్రు. చీము రక్తంల కలిసిందట. బతుకుతదా అంటె రేపు మాపు గడిస్తె గని చెప్పలేమంటుండ్రు.

ఒక్కటి అడుగుత, దాచకుండ్రి. సంచి అంటె ఏంది? నాతోని గడ్డ అన్నది. గడ్డ తీస్తరు గని సంచి పెడ్తరా? దాన్ని ఎందుకు పెట్టించుకున్నది? నాకు తల తిరుగుతుంది.

మీ మరిది
ఏలీయా


మెదక్
సెప్టెంబరు 1972

మరిదీ,

జ్వరం దిగుతోందని నువ్వు పంపిన కార్డు అందింది. అది పట్టుకుని వార్డంతా తిరిగాను.

సంచి సంగతి నేను చెప్పను. నాకు తెలుసు, దాచను, కానీ అది నువ్వు దానమ్మ నోటితోనే వినాలి. ఇక్కడ చిన్నమ్మకు కూడా నేను చెప్పింది ఒక్కటే, అది గడ్డ కాదని. తిండి మానేసి కూర్చుంది. "నేను స్తోత్రం అనంగ నా బిడ్డ చస్తుండె గద" అని అదే మాట, వచ్చినవాళ్లకల్లా.

నువ్వు నాకొక్క పని చెయ్యి. రోజూ పొద్దున దాన్ని ఎట్లుంది అని అడుగు. బాగున్న అంటుంది. అప్పుడు లేచిపోకు. కూర్చో. మళ్లీ అడుగు. నిజం చెప్పేదాకా టిఫిను డబ్బా ముట్టుకోకు.

మీ వదిన
ఎలిశిబా


బొంబాయి
నవంబరు 1972

అక్కా,

అలవాటైన మొదటి మాట సగం రాసి కొట్టేశాను. పైన మరక కనిపిస్తుంది చూడు.

ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టకు. అమ్మకు చదివి వినిపించు. వాకిట్లో ఎవరు కూర్చున్నా సరే.

నేను బాగాలేను. కోసినచోట మధ్యలో ఏమీ తెలియదు, చెక్కను ముట్టుకున్నట్టుంటుంది. అంచుల్లో మాత్రం సూదులు దిగుతున్నాయి. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. మిషను చక్రం ఎడమచేత్తో తిప్పుతుంటే కుట్టు వంకర పోతోంది. మేడం ఏమీ అనదు, కాజాలు కుట్టే పనే ఇస్తోంది. ఆ కొత్త రవికె విప్పి పేలికలు చేశాను. డాక్టరు దగ్గరికి పోతే ఇప్పుడు నేనే ముందు మొదలుపెడతాను, ఇక్కడ మంట, ఇక్కడ పోటు అని. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని వింటాడు.

నీ మీద కోపం లేదు అని రాశాను, అదీ కొట్టేశాను. కొంచెం ఉంది. సలుపు మొదలైనప్పుడు నీ మొదటి ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. శిక్ష అన్నావు కదా, శిక్ష పూర్తిగా అనుభవిస్తే దేవుడు వదులుతాడనుకున్నాను. ఆగిపోయిన రోజు ఎంత సంతోషించానో నీకు తెలియదు.

ఏలీయా సంగతి రాయాలి.

నువ్వేం చెప్పావో గాని, రోజూ పొద్దున అడుగుతున్నాడు. "బాగున్న" అంటే కదలడు. మిల్లుకు ఆలస్యమవుతున్నా స్టూలు మీద కూర్చుంటాడు. నిన్న ఆదివారం. "ఎట్లుంది?" అన్నాడు. "బాగున్న" అన్నాను. "ఎట్లుంది?" అన్నాడు మళ్లీ. "సలుపుతుంది" అన్నాను. ఎక్కడ అని అడిగాడు. చెప్పడం మొదలుపెడితే ఆగలేదక్కా. గడ్డ అబద్ధమని చెప్పాను. పేలికల ముద్ద చెప్పాను. సంచి చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుంటుంటే, నా వైపు చూడబుద్ధి కావడం లేదని తెలిసి చేయించుకున్నానని చెప్పాను.

ఆయన అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"గందుకు తిరిగిననుకున్నవా? పోరడు పాలు తాగిన జాగ గది. దినాం గా దిక్కే తల పెట్టి పండుకుంటుండె. నిన్ను చూస్తె వాడే యాదికొస్తుండె. అందుకే గోడకు తిరిగిన."

"మరి నాతోని ఒక్కసారన్న చెప్పలేదేంది?" అన్నాను.

"మట్టిచ్చి వచ్చిన నాడు అయ్యగారు మన ఇద్దర్ని ఎట్లున్నరని అడిగిండు. నేను నోరు తెరిచేలోపల, ప్రభు కృపవల్ల బాగున్నం అయ్యగారు అని నువ్వు అన్నవు. కన్నతల్లివి నువ్వే బాగుంటె, నేనెట్ల ఏడువాలె?"

ఇద్దరం ఏడ్చామక్కా, గొంతు విప్పి. చాలులో గోడలు పలచన, అందరికీ వినిపించింది. రామమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది, ఆమె వెనక ఇంకో నలుగురు. ఏమైంది, ఎవరికేమైందని అడిగారు.

"మా కొడుకు పోయిండు" అన్నాడు ఏలీయా.

దానమ్మ